బీపీ మాత్ర ఒక్కటే బాబూ!

మన ఇళ్లలో మందు అంటే ఏమిటో ఎప్పుడో ఖరారైపోయింది. రోజూ వేసుకునేది, స్ట్రిప్పులో ఉండేది, అన్నం తిన్నాక పక్కన ఎవరో ఒకరు గుర్తుచేసేది, అదీ మందంటే. పదిహేను రోజులకోసారి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనకనుంచి ఓ ఇంజక్షన్ పెన్ను బయటికి తీసి, చల్లదనం పోయేదాకా టీవీ పక్కన పెట్టి, సీరియల్ బ్రేకులో తొడకి నొక్కుకునేది మందు కిందకి రాదు. అందుకే కీళ్లవాతానికి ఏళ్ల తరబడి అడాలిముమాబ్ అనే ఆ ఇంజక్షన్ తీసుకుంటున్న పెద్దమ్మని "ఇప్పుడేం మందులు వాడుతున్నారమ్మా?" అని టీకా వేసే నర్సు అడిగితే, ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా "బీపీ మాత్ర ఒక్కటే బాబూ, అదీ అరముక్క" అంటుంది. అందులో అబద్ధమేం లేదు. రోజూ వేసుకునేది నిజంగా అదొక్కటే కదా.

ఆ పెన్ను చేసే పని మాత్రం చిన్నది కాదు. రోగనిరోధక శక్తి దారితప్పి సొంత కీళ్లనే కొరుక్కు తింటుంటే దాన్ని కాస్త అణచి కూర్చోబెడుతుంది. లైవ్ టీకాలో ఉండేది నీరసపెట్టిన క్రిమే అయినా ప్రాణంతో ఉన్న క్రిమి. అది ఒంట్లో కొంచెం పెరిగితే, మన శక్తి దాన్ని పట్టుకుని అణిచేస్తూ పాఠం నేర్చుకోవాలి. నేర్చుకోవాల్సినవాడికే మనం ప్రతి పదిహేను రోజులకీ నిద్రమాత్ర వేస్తున్నాం. తట్టు టీకా, చికెన్‌పాక్స్, ఎల్లో ఫీవర్, టీబీకి వేసే బీసీజీ, అన్నీ ఈ జాతివే. అందుకే బయోలాజిక్ మీద, అంటే ఆ పెన్నులాంటి మందుల మీద, ఉన్నవాళ్లకి మామూలుగా ఇవి వద్దంటారు. ఫ్లూ సూది, న్యుమోనియా టీకా, హెపటైటిస్ బి వేరే జాతి, వాటిలో ప్రాణమున్న క్రిమి ఉండదు. అవి జబ్బు తెప్పించలేవు, మహా అయితే సరిగ్గా పట్టకపోవచ్చు.

ఇప్పుడు మన జాతి ప్రతిభ చూడండి. డాక్టరు న్యుమోనియా టీకా రాస్తే ఇంట్లో అత్యవసర సమావేశం. "అసలే ఒంట్లో శక్తి లేదు, ఇప్పుడు టీకాలేంటి" అని బావగారు, "మా ఆఫీసులో ఒకాయనకి..." అని తమ్ముడు, చివరికి చీటీ దేవుడి గూట్లోకి వెళ్లిపోతుంది. అదే పెద్దమ్మ కూతురు ఉగాండాలో ఉందనుకోండి, ఏజెంటు "ఎల్లో ఫీవర్ కార్డు లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు, ఆరు రోజులదాకా క్వారంటైన్" అనగానే, ఒక్క ప్రశ్న లేకుండా పొద్దున్నే టీకా సెంటర్ దగ్గర లైన్లో ఉంటాం. మందుల గడిలో మళ్లీ బీపీ మాత్ర. వేసుకోవాల్సిందానికి వంద అనుమానాలు, వేసుకోకూడనిదానికి ఆధార్ జిరాక్సు రెడీ. నిజానికి ఇలాంటివాళ్లకి టీకా కుదరదని డాక్టరు రాసిచ్చే మినహాయింపు పత్రం ఒకటుంది, చాలా దేశాలు దాన్ని చూస్తాయి కూడా. ఆ జ్వరం తెచ్చే దోమ మాత్రం చూడదు. కాబట్టి అసలు ఆ ప్రయాణం తప్పదా అన్నది ముందు తేల్చుకోవాలి, కానీ టికెట్టు నాన్ రిఫండబుల్.

సూదంటే భయపడేవాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది, ముక్కులో కొట్టే ఫ్లూ స్ప్రే. నొప్పి లేదు, హాయి. లైవ్ టీకా అదే. నొప్పెట్టే సూదే మనకి పనికొచ్చేది. (అలాగని ముక్కులో వేసేదల్లా లైవ్ అనుకుంటే అదీ తప్పే. మన హైదరాబాద్ కంపెనీ 2023లో తెచ్చిన ముక్కు కోవిడ్ టీకాలోని వైరస్ ఒంట్లో పెరగలేదు. ఇంత చిక్కు ఉండబట్టే వాట్సాప్ గ్రూపులు ఈ విషయం ముట్టుకోలేదు, మన అదృష్టం.)

మరి ఎవర్ని అడగాలి? కీళ్ల డాక్టరు "టీకాల సంగతి మీ ఫ్యామిలీ డాక్టర్ని అడగండి" అంటారు. ఫ్యామిలీ డాక్టరు "ఆ ఇంజక్షన్ రాసినాయన్నే అడగాలమ్మా" అంటారు. ఇద్దరూ మర్యాదస్తులే, ఒకరి పరిధిలోకి ఒకరు రారు. మధ్యలో బాగుపడేది ఆటోవాడు. లైవ్ టీకా కావాలంటే మామూలుగా బయోలాజిక్ మొదలుపెట్టడానికి కనీసం నాలుగు వారాల ముందే వేయించుకోవాలి. మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష చేస్తారు, హెపటైటిస్ పరీక్ష చేస్తారు, ఇన్సూరెన్సు ఎంతిస్తుందో లెక్కేస్తారు, చిన్నప్పుడు తట్టు వచ్చిందా, టీకా వేయించారా అని అడిగే పుణ్యాత్ముడు మాత్రం అరుదు. ఇక "టీకా కోసం పోయిన నెలే ఇంజక్షన్ మానేశానండీ" అనే సొంత వైద్యులున్నారే, వాళ్లకి కీళ్లు మళ్లీ వాస్తాయి గానీ మందు ప్రభావం అంత త్వరగా పోదు. రిటుక్సిమాబ్ లాంటి బయోలాజిక్ అయితే ఆరు నెలలు, ఆ పైన కూడా ఉంటుంది.

ఒక్క చోట మాత్రం నాకు వెటకారం రావట్లేదు. పేగులు వాచే క్రోన్స్ జబ్బుకి గర్భంతో ఉండగా ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే బయోలాజిక్ తీసుకున్న ఒక తల్లి బిడ్డకి మూడు నెలలప్పుడు బీసీజీ వేస్తే, ఆ బీసీజీ క్రిమే ఒళ్లంతా పాకి బిడ్డ చనిపోయిన కేసుని 2010లో బ్రిటన్ వైద్యులు ప్రచురించారు. ఆ మందు మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డకి చేరుతుంది, నెలల తరబడి ఉంటుంది. మన దగ్గర బీసీజీ పుట్టిన వెంటనే, ఎవరూ అడక్కుండానే వేసేస్తారు. కాబట్టి ఇలాంటి ఇంజక్షన్ తీసుకున్న తల్లి ఆ మాట కాన్పు గదికి వెళ్లకముందే, ఆపరేషన్ ఫారం మీద సంతకం పెట్టకముందే పిల్లల డాక్టరు చెవిన వేయాలి. హెపటైటిస్ బి మాత్రం ఆపక్కర్లేదు, అది లైవ్ కాదు.

మళ్లీ పెద్దమ్మ దగ్గరికి. మనవడికి రోటావైరస్ చుక్కలు వేస్తున్నారు, ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం. అదీ లైవే. "అయితే పిల్లాడికి ఆపేద్దామా?" అని అడిగాడు కొడుకు, బాధ్యతగా. ఆపకూడదు, పిల్లాడికి వేయించాల్సిందే. కాకపోతే ఆ వైరస్ కొన్నాళ్లు మలంలో వస్తుంది కాబట్టి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు డోసు పడ్డాక నాలుగు వారాలు డైపర్ ముట్టుకోకపోతే మంచిదన్నారు డాక్టరు. డోసుకీ డోసుకీ మధ్య ఉన్నది సరిగ్గా నాలుగు వారాలే. అంటే ఆరో వారం నుంచి పద్దెనిమిదో వారం దాకా, దాదాపు మూడు నెలలు, పిల్లాడి ముడ్డి కడగాల్సింది నాయనమ్మ కాదు, నాన్న. ఆ ఒక్క ప్రశ్న తప్ప ఇప్పటిదాకా ఏ టీకా మీదా ఏమీ అడగని కొడుకు, ఆ సాయంత్రమే సెకండ్ ఒపీనియన్‌కి అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు.