అరవై ఒకటో రోజు ఉదయం

కడపలో ఒక మనిషిని జూన్ 1న రిమాండుకు పంపారనుకుందాం. పదేళ్లకు తక్కువ శిక్ష పడే నేరం కాబట్టి దర్యాప్తు ముగించి చార్జిషీటు వేయడానికి పోలీసులకున్న గడువు అరవై రోజులు. ఆలోగా చార్జిషీటు రాకపోతే బెయిలు పొందడం ముద్దాయి హక్కు. రిమాండు విధించిన రోజును కూడా లెక్కలో కలపాలని 2023 మార్చిలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది గనుక అరవయ్యో రోజు జూలై 30 అవుతుంది. జూలై 31 ఉదయం కోర్టు మొదలవగానే బెయిలు పిటిషను పడి, జామీను ఇవ్వడానికి సిద్ధమని అందులో ఉంటే, ఆ మధ్యాహ్నమే చార్జిషీటు వచ్చి పడినా ముద్దాయి హక్కు చెక్కుచెదరదు. కాకపోతే చార్జిషీటు కంటే పిటిషను ముందు పడి తీరాలి. లాయరు ఆ పూట ప్రొద్దుటూరులో ఇంకో వాయిదాకు వెళ్లి, రేపు చూసుకుందాంలే అనుకున్నాడో, ఆ సందులో చార్జిషీటు దాఖలవుతుంది. ఇక ఆ హక్కు ఊసెత్తడానికి లేదు.

ఇలా జారిపోయిన హక్కులు తీర్పుల సంపుటాల్లోకి ఎక్కవు. ముద్దాయికి తెలియదు, ఇంట్లోవాళ్లకు తెలియదు, తెలిసిన లాయరు చెప్పుకోడు. చట్టం తెలియకపోవడం వల్ల జరిగే పొరపాటు కాదిది. ఒక డైరీ, ఒక గుమాస్తా, ఒక మోటారు సైకిలు పెట్టుకుని కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, బద్వేలు కోర్టుల మధ్య తిరిగే మనిషికి ఏదో ఒక రోజు తప్పకుండా జరిగేదే. అందుకే ఈ జిల్లాలో ముద్దాయిల తరఫున వాదించే న్యాయవాదులు బార్ అసోసియేషన్ సభ్యత్వంతో సరిపెట్టుకోకుండా, డిఫెన్స్ పనికోసమే ఒక సంఘంగా ఏర్పడాలని, జూనియర్లు మొదటి ఏడాదే అందులో చేరాలని మేము కోరుతున్నాం.

ఎదుటి పక్షం ఎలా ఉందో చూడండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ ప్రక్రియకు కొత్త చట్టం) ప్రాసిక్యూషన్ డైరెక్టరేటును జిల్లా స్థాయి దాకా దించింది. పోలీసుకు స్టేషనుంది, రైటరుంది, ఫోరెన్సిక్ లేబొరేటరీ ఉంది, న్యాయ సలహా ఇచ్చే పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉన్నారు. ముద్దాయి వైపు మాత్రం ఎవరికి వారే యమునా తీరే. న్యాయసేవాధికార సంస్థ ద్వారా పనిచేసే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ వ్యవస్థ వచ్చాక పేదలకు కొంత ఊరట దొరికింది. కస్టడీలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం పొందే హక్కు 1987 చట్టంలోనే ఉంది. కానీ ఆ కౌన్సిళ్లు కూడా అదే కోర్టుల్లో అదే సాక్షులను క్రాస్ చేయాల్సిన వాళ్లు. వాళ్లూ ఈ సంఘంలో ఉంటే లాభం ఇద్దరికీ.

సంఘం వల్ల చేకూరే లాభాల్లో అన్నిటికంటే విలువైనది పాత వాంగ్మూలాల నిల్వ అని మా అభిప్రాయం. మన కోర్టుల్లో చోరీ సొత్తు దొరికినా, కత్తి దొరికినా, ముద్దాయి ఒప్పుకోలు చెప్పాడన్నా మధ్యవర్తుల (పోలీసులు సాక్షులుగా పిలిచిన బయటివాళ్ల) సంతకాలతో ఒక నివేదిక ఉంటుంది. ఆ మధ్యవర్తి ఒకే స్టేషను కేసుల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తే అతని మాటకు ఎంత బరువుంటుందో జడ్జికి వేరే చెప్పనక్కర్లేదు. కానీ ఆ సంగతి బయటపడాలంటే ఒక కేసులో అతనిచ్చిన వాంగ్మూలం ఇంకో కేసు లాయరు చేతిలో ఉండాలి. ఎవరి సర్టిఫైడ్ కాపీలు వాళ్ల బీరువాలో మూలుగుతున్నంత కాలం అది కుదరదు. సాక్షి పేరు, స్టేషను, కేసు నంబరు, వాంగ్మూలమిచ్చిన తేదీ: నాలుగు గళ్ల పట్టికతో స్కాన్ చేసిన కాపీలు ఒకచోట చేరితే ఏడాదిలో అదొక ఆయుధమవుతుంది. తెరిచిన కోర్టులో ఇచ్చిన వాంగ్మూలాలే గనుక రహస్యం తాలూకు పేచీ కూడా ఉండదు. లైంగిక నేరాల కేసులు, పోక్సో కేసులు మాత్రం ఈ నిల్వలోకి రాకూడదు. బాధితుల పేర్లు బయటకు పొక్కితే అదే ఒక నేరం.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో జూనియర్లు ఎక్కువగా దెబ్బతినే చోటు ఇంకొకటుంది. దర్యాప్తు అధికారి రాసుకున్న స్టేట్‌మెంట్‌లో (వాడుకలో ఇప్పటికీ 161 స్టేట్‌మెంటే, కొత్త చట్టంలో సెక్షన్ 180) సాక్షి ఒకటి చెప్పి, బోనులో ఇంకొకటి చెబుతాడు. జూనియరు ఆ వాక్యాన్ని సాక్షికి చదివి వినిపిస్తాడు, సాక్షి ‘నేనట్లా చెప్పలేదు’ అంటాడు, జూనియరు విజయగర్వంతో కూర్చుంటాడు. సగం పనే అయింది. ఆరు నెలలకు దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు ‘ఈ సాక్షి మీ ముందు ఇలా చెప్పాడా’ అని అడిగి, ఆ భాగాన్ని డి మార్కు (డిఫెన్స్ తరఫు సాక్ష్యపత్రం) కింద రుజువు చేయాలి. ఆ రోజుకి పాత నోట్సు కనిపించదు, లేదా వేరే జూనియరు వస్తాడు. రుజువు కాని వైరుధ్యాన్ని అప్పీలులో చూపడానికి లేదు. నెలకొక శనివారం సాయంత్రం, ముగిసిపోయిన కేసు కట్ట ఒకటి ముందేసుకుని పెద్ద లాయరు రెండు గంటలు కూర్చుంటే ఇలాంటివి పదిమందికి ఒకేసారి తెలుస్తాయి. లా కాలేజీ చెప్పని పాఠమిది.

ఈ జిల్లాకు ప్రత్యేకమైన కేసులకు ప్రత్యేకమైన తెలివిడి కావాలి. శేషాచలం, లంకమల అడవుల్లో ఎర్రచందనం దుంగలతో పట్టుబడేవారిలో తమిళనాడు కొండ గ్రామాల కూలీలు చాలామంది. రిమాండు రిపోర్టు తెలుగులో, ముద్దాయి మాట తమిళంలో. బెయిలు వచ్చినా స్థానిక జామీనుదారు దొరకడు. వేరే జిల్లా వాడనో వేరే రాష్ట్రం వాడనో జామీను తిరస్కరించరాదని మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. ఆ తీర్పు ప్రతి ఒకటి సంఘం ఫైల్లో ఉంటే ప్రతి లాయరూ ప్రతిసారీ వెతుక్కునే అవసరం లేదు. ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలుంటే విడుదల చేయాలని కొత్త చట్టం సెక్షన్ 479 అంటోంది. ఒకటికి మించి కేసులుంటే మాత్రం ఆ వెసులుబాటు లేదని అదే సెక్షన్ రెండో భాగం మెలిక పెట్టింది. ఎర్రచందనం కూలీ చిక్కుకునేది సరిగ్గా ఈ మెలికలోనే. కాబట్టి అతని మీద ఎన్ని స్టేషన్లలో ఎన్ని కేసులున్నాయో మొదటి వారంలోనే కూడదీసి చూడాలి.

పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) కింద నిర్బంధమైతే తేదీల యుద్ధమే. 1986 నాటి ఆ చట్టం ప్రకారం నిర్బంధించిన అయిదు రోజుల్లో కారణాలు ముద్దాయికి అందాలి, అవీ అతనికి అర్థమయ్యే భాషలో. జిల్లా అధికారి ఉత్తర్వుకు పన్నెండు రోజుల్లో ప్రభుత్వ ఆమోదం రావాలి. మూడు వారాల్లో వ్యవహారం సలహా మండలి ముందుకు వెళ్లాలి, ఏడు వారాల్లో మండలి నివేదిక రావాలి. మండలి ముందు లాయరు నిలబడి వాదించే హక్కు లేదు. అందువల్ల జైల్లో ఉన్న మనిషి పేరున రాసే విన్నపమే అతని వాదన మొత్తం. ఆ విన్నపాన్ని మంచిగా రాయగలిగినవారు ఏ ఊళ్లో చూసినా వేళ్ల మీద లెక్కించదగినంత మందే ఉంటారు. వాళ్లు రాసే తీరు మిగతావారికి అలవడటానికి కలిసి కూర్చోవడం తప్ప దారి లేదు. నిర్బంధం అక్రమమని సవాలు చేసే హెబియస్ కార్పస్ పిటిషను వేయాలంటే అమరావతి దాకా పోవాలి. అక్కడి హైకోర్టులో నమ్మకంగా కాగితాలు అందుకునే మనిషిని ఒక్కొక్క లాయరు వెతుక్కోవడం కంటే సంఘం చూసిపెట్టడం మేలు.

గంజాయి కేసుల్లో తూకమే ప్రాణం. ఇరవై కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, బెయిలు దాదాపు మూసుకుపోతుంది. చట్టం దృష్టిలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు అందులోకి రావు. గోతాంతో సహా తూచి ఇరవై రెండు కిలోలని పంచనామాలో రాస్తే, గోతాం బరువెంత, విడి ఆకెంత, మేజిస్ట్రేటు సమక్షంలో నమూనా తీశారా లేదా అని అడగాల్సింది మొదటి బెయిలు పిటిషనులోనే. నాటుబాంబుల కేసుల్లోనూ అంతే. 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద జిల్లా మేజిస్ట్రేటు సమ్మతి లేకుండా విచారణ సాగదు. ఆ సమ్మతి ఉత్తర్వు తేదీనీ, పేలుడు పదార్థ నిపుణుడి రిపోర్టు తేదీనీ పక్కపక్కన పెట్టి చూడటం ఫ్యాక్షన్ కేసులు నడిపిన పాతతరం లాయర్లకు వెన్నతో పెట్టిన విద్య. వాళ్లతోపాటే అది పోకూడదు.

సీసీ కెమెరా ఫుటేజీ, సెల్‌ఫోన్ వీడియోలు లేని కేసు ఈ రోజుల్లో అరుదు. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఇచ్చే ధ్రువపత్రానికి రెండు భాగాలు: ఒకటి పరికరం ఎవరి అధీనంలో ఉందో వారిది, రెండోది నిపుణుడిది. రెండింటిలోనూ ఫైలు హ్యాష్ విలువ (ఫైలు కాస్త మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి సంకేతం) ఉండాలి. ముద్దాయికిచ్చిన పెన్‌డ్రైవులోని ఫైలుకు అదే విలువ వస్తోందా అన్నది అయిదు నిమిషాల పరీక్ష. ఇంటర్నెట్ తగలని ఒక కంప్యూటరు సంఘం గదిలో ఉంటే చాలు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. పెన్‌డ్రైవులోని వీడియోను వాట్సాప్‌లో పంపించుకుని దానికి హ్యాష్ తీస్తారు. వాట్సాప్ వీడియోను కుదిస్తుంది కాబట్టి విలువ మారిపోతుంది. ‘పోలీసులు మార్చేశారు’ అని కోర్టులో గట్టిగా వాదించి నవ్వులపాలవుతారు.

వాట్సాప్ గ్రూపే సంఘమనుకునేవారూ ఉన్నారు. కక్షిదారు కాగితం ఫొటో తీసి రెండువందల మంది ఉన్న గ్రూపులో ‘దీనికి ఏ సెక్షన్ వర్తిస్తుంది సార్’ అని అడిగే అలవాటు ప్రమాదకరం. లాయరుకు కక్షిదారు చెప్పిన మాట అతని అనుమతి లేకుండా బయటపెట్టరాదని సాక్ష్య అధినియమం సెక్షన్ 132 చెబుతోంది. ఆ రక్షణ లాయరుకూ కవచమే. కక్షిదారు సంగతులు చెప్పమని దర్యాప్తు అధికారి నేరుగా లాయరుకు సమన్లు పంపడం కుదరదని, చట్టంలోని మినహాయింపుల కిందనైనా ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి రాతపూర్వక ఆమోదం ఉండాలని 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలాంటి నోటీసు ఇంటికొచ్చిన రాత్రి ఒంటరి లాయరు స్టేషనుకు వెళ్లాలా వద్దా అని మథనపడతాడు. సంఘమున్న లాయరు ఇద్దరు సీనియర్లకు ఫోన్ చేసి, పొద్దున్నే రాతపూర్వకంగా జవాబు పంపుతాడు.

ఇక సంఘాల చెడ్డ పేరు సంగతి. ఘోరమైన నేరం జరగ్గానే ‘ముద్దాయి తరఫున ఎవరూ వకాలతు వేయరాదు’ అని తీర్మానించడం దేశంలో చాలాచోట్ల చూశాం. కోయంబత్తూరు నుంచి వచ్చిన కేసులో ఇలాంటి తీర్మానాలు చెల్లవని 2010 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ముద్దాయి దోషి అని తనకు అనిపించినా సరే అతని తరఫున వాదించడం న్యాయవాది విధి అని బార్ కౌన్సిల్ నిబంధనలే చెబుతున్నాయి. విధుల బహిష్కరణలు తగవని 2002లోనే తీర్పు వచ్చింది. బహిష్కరణ జరిగిన రోజు నష్టపోయేది రిమాండులో ఉన్నవాడే. డిఫెన్స్ లాయర్ల సంఘం ఈ రెండింటినీ తన నియమావళిలోనే నిషేధించుకోవాలి. లేకపోతే ఆ సంఘం లేకపోవడమే నయం.

జూనియర్ల బతుకు కష్టం కొత్తది కాదు. సీనియర్లు వాళ్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20,000, గ్రామాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. సూచనే, శాసనం కాదు. సంఘంలో చేరితే కేసులొస్తాయని కూడా మేము చెప్పం, రావు.

పెట్టడానికి పెద్ద తంతేమీ లేదు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు చేరి, ఉద్దేశపత్రం, నియమావళి రాసుకుని జిల్లా రిజిస్ట్రారు వద్ద నమోదు చేయించుకోవచ్చు. నెలకు వంద రూపాయల చందా పెట్టుకున్నా, యాభై మంది సభ్యులుంటే ఏడాదికి అరవై వేలు. స్కానరు, కంప్యూటరు, తీర్పుల పత్రిక చందా మొదలుపెట్టడానికి అది చాలు. ఎన్నికలు బార్ ఎన్నికలతో కలిసి రాకుండా చూసుకోవాలి. ప్యానెళ్లు, విందులు, ఫ్లెక్సీలు ఇక్కడికీ దిగుమతయ్యాయంటే చదువు సంగతి అంతటితో సరి.

గది దొరికేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. కక్షిదారు ఒప్పుకుంటే ప్రతి వకాలతులో సంఘ సభ్యుడైన రెండో లాయరు పేరు చేర్చి సంతకం చేయించుకోవాలి. సభ్యుల కేసుల్లో కడప కేంద్ర కారాగారంలో ఉన్న ముద్దాయిల పేర్లు, రిమాండు తేదీలు, అరవై ఒకటో రోజు లేదా (పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలైతే) తొంభై ఒకటో రోజు ఏ తేదీన పడుతుందో ఒక రిజిస్టరులో ఎక్కించి, రేపటి గడువులను ప్రతి సాయంత్రం ఇద్దరు జూనియర్లు చదివి ఫోన్లు చేయాలి. అసలు లాయరు ప్రొద్దుటూరులో ఉంటే, వకాలతులో రెండో పేరున్న వ్యక్తి పొద్దున పదిన్నరకు కడప కోర్టులో పిటిషనుతో ఉంటాడు.