సవరణ: కెప్టెన్‌గా జోయెల్ సెల్‌వుడ్ గెలిచింది ఒక్క ప్రీమియర్‌షిప్

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌పై నా గత టపాలో, జీలాంగ్ క్లబ్ 2007, 2009, 2011, 2022లలో గెలిచిన నాలుగు ప్రీమియర్‌షిప్‌లూ (లీగ్ టైటిళ్లు) ఆ జట్టు ఆటగాడు జోయెల్ సెల్‌వుడ్ సారథ్యంలోనే వచ్చాయని రాశాను, అది పొరపాటు.

క్లబ్, లీగ్ రికార్డుల ప్రకారం ఆ నాలుగు ఫైనళ్లలోనూ ఆయన ఆడిన మాట నిజమే గాని, 2007, 2009లలో టామ్ హార్లీ, 2011లో కామెరాన్ లింగ్ కెప్టెన్లుగా ఉన్నారు. లింగ్ తర్వాత 2012లో పగ్గాలు చేపట్టిన సెల్‌వుడ్, 2020 గ్రాండ్ ఫైనల్‌లో (టైటిల్ తేల్చే పోరు) రిచ్‌మండ్ చేతిలో 31 పాయింట్ల తేడాతో ఓటమి చవిచూసి, చివరకు 2022 సెప్టెంబరులో మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో సిడ్నీపై 81 పాయింట్ల తేడాతో గెలిచి, కెప్టెన్‌గా తొలిసారి కప్పు అందుకున్నారు. ఆ రోజు మాజీ సహచరుడు గ్యారీ అబ్లెట్ జూనియర్ చిన్నారి కొడుకును చంకనెత్తుకుని ఆయన మైదానంలోకి వచ్చారు. కొద్ది రోజులకే రిటైరయ్యారు. పదేళ్లకు పైగా నిరీక్షించి గెలిచినందువల్ల, ఆ ఒక్క కప్పు విలువ నా దృష్టిలో మరింత పెరిగింది.

మొత్తం 355 మ్యాచ్‌లలో 245 కెప్టెన్‌గా ఆడి, కార్ల్‌టన్ క్లబ్ మాజీ సారథి స్టీఫెన్ కెర్నహన్ పేరిట అంతకుముందు ఉన్న 226 మ్యాచ్‌ల కెప్టెన్సీ రికార్డును ఆయన దాటారని ఆ టపాలో రాసిన వివరం మాత్రం సరైనదే.