ఎగిరింది రేకు, ఓడింది బోల్టు

గాలివాన వెలిసిన మర్నాడు ఎక్కడైనా ఒకటే హడావిడి. ఎగిరిపోయిన రేకుల్ని వెతికి తెచ్చుకోవడం, వంకరల్ని సుత్తితో సాపు చేయడం, చీకటి పడేలోగా మళ్లీ పైకెక్కించడం. తల దాచుకోవాలి కాబట్టి ఆ తొందరను తప్పుపట్టలేం. మా అభ్యంతరమల్లా ఆ తర్వాతి అలసత్వం మీదే. రెండు రోజుల కోసమని చేసిన ఏర్పాటు రెండేళ్లయినా అలాగే ఉండిపోతుంది. మళ్లీ గాలి వీచినప్పుడు సరిగ్గా అక్కడే ఊడుతుంది.

ఊడిన రేకును చేతిలోకి తీసుకుని బోల్టు కన్నం చూడండి. బిగించిన రోజు గుండ్రంగా ఉన్నది కోలగా సాగి ఉంటుంది. చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు. గాలి ఒక్క ఊపులో లాగేసిందని మనం అనుకుంటాం. చాలాసార్లు అది రేకును గంటల తరబడి పైకీ కిందికీ ఆడించి, లోహం అలిసిపోయాకే తెంచుకుపోతుంది. 1974 క్రిస్మస్ నాడు ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరాన్ని ట్రేసీ తుపాను తుడిచిపెట్టినప్పుడు ఇంజినీర్లు తేల్చిన కారణాల్లో ఇది ముఖ్యమైనది. రేకుల్ని పదేపదే ఆడించి పరీక్షించే పద్ధతి అక్కడ ఆ దెబ్బ తర్వాతే వచ్చింది. అలాంటి కన్నానికి పెద్ద వాషరు తగిలించి పాత బోల్టునే బిగిస్తే దాన్ని మరమ్మతు అనలేం.

గాలి వేగం రెండింతలైతే దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. అది గోడను తోస్తుంది, కప్పును మాత్రం ఎక్కువగా పైకి పీలుస్తుంది. ఆ లాగుడు మూలల్లో, చూరు అంచుల్లో, కొప్పు దగ్గర మరీ ఎక్కువ. అయినా మేస్త్రి కప్పంతా ఒకే ఎడంతో బోల్టులు వేసుకుంటూ పోతాడు, చూడ్డానికి వరస బాగుంటుందని! అంచుల్లో అవి దగ్గరదగ్గరగా పడాలి. అంతటితో అయిపోలేదు. రేకును పర్లిన్ (రేకుల కింద అడ్డంగా వేసే కమ్మీ) పట్టుకోవాలి, పర్లిన్‌ను దూలం, దూలాన్ని గోడ, గోడను పునాది. పై బోల్టులు గట్టిగా బిగించి, దూలాన్ని గోడ మీద ఊరికే ఆనించి వదిలేస్తే ఈసారి రేకులకు బదులు కప్పు మొత్తం లేస్తుంది. దూలం గోడను కలిసే చోటు కంటికి కనిపించేది కప్పు విప్పినప్పుడే. ఇనుప పట్టీలు వేయించాల్సిందీ అప్పుడే.

దుకాణాలు, గోదాముల్లో కథ చాలావరకు షట్టరు దగ్గర మొదలవుతుంది. గాలికి అది లోపలికి వంగి, అంచులు పక్క గాడిలోంచి జారాయంటే గాలి లోపలికి చొరబడుతుంది. కింది నుంచి తోపు, పై నుంచి లాగుడు కలిసి కప్పును లేపేస్తాయి. 1992లో ఫ్లోరిడాను ఆండ్రూ హరికేన్ తాకినప్పుడు ఎన్నో ఇళ్ల గ్యారేజీ తలుపులు ఇలాగే లొంగిపోయాయి. కొత్త షట్టరు కొనేవాళ్లు రంగు గురించి అరగంట బేరమాడతారు, గాడి ఎంత లోతు ఉందో, దాన్ని గోడకు దేనితో బిగిస్తున్నారో అడిగేవాళ్లు తక్కువ.

తడి సంగతి ఆలస్యం చేస్తే అసలు నష్టాన్ని మించిపోతుంది. నానిన సీలింగు, గోడలు 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు పడుతుంది. ముందు ఫొటోలు తీసి పెట్టుకుని వెంటనే టార్పాలిన్ కప్పాలి. నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయర్ వచ్చేదాకా తడవనిస్తే, పెరిగిన నష్టానికి పరిహారం రాకపోవచ్చు.

బీమా దగ్గరే మాకు పెద్ద పేచీ. సాధారణ పాలసీ భవనాన్ని మునుపటి స్థితికి తెచ్చే మేరకే చెల్లిస్తుంది, అంతకంటే మెరుగు చేస్తే ఆ ఖర్చు యజమానిదే. అంటే ఓడిపోయిన బోల్టు స్థానంలో మళ్లీ అలాంటి బోల్టే. మరుసటి గాలికి మరో క్లెయిం వస్తుందని తెలిసీ ఆ చిన్న తేడాను ఇవ్వకపోవడం కంపెనీలకైనా లాభసాటి లెక్క కాదు. పట్టీలకూ, అదనపు బోల్టులకూ అయ్యే ఖర్చును పరిహారంలో కలపాలి. ప్రభుత్వ సాయానికీ ఇదే వర్తించాలి. బదులుగా ఒక షరతు పెట్టుకోవచ్చు: కప్పు మూసే ముందు దూలాల కీళ్లు, అంచు బోల్టులు కనిపించేలా ఫొటోలు తీసి ఇచ్చాకే చివరి వాయిదా విడుదల చేయాలి.