సవరణ: ఫ్లూఆక్సెటిన్ ఆపాక రెండు వారాలు చాలవు

డిప్రెషన్ మందులు మార్చడం గురించిన గత పోస్టులో, ఏ ఎస్‌ఎస్‌ఆర్‌ఐ (మెదడులో సెరటోనిన్ అనే రసాయనం ప్రభావాన్ని పెంచే డిప్రెషన్ మందు; ఫ్లూఆక్సెటిన్ కూడా ఈ రకమే) ఆపినా 14 రోజులకు ట్రానిల్‌సైప్రమిన్ లాంటి ఎంఏఓఐ (మరో రకం డిప్రెషన్ మందు) మొదలుపెట్టవచ్చని రాశాను. అది తప్పు. సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్‌లకు 14 రోజులు సరే. ఫ్లూఆక్సెటిన్‌కు మాత్రం కనీసం 5 వారాలు ఆగాలని ఆ మందు సమాచార పత్రంలోనే ఉంది. ఒంట్లో అది నార్‌ఫ్లూఆక్సెటిన్ అనే, మందులాగే పనిచేసే పదార్థంగా మారుతుంది. దాని పరిమాణం సగానికి తగ్గడానికే 4 నుంచి 16 రోజులు పడుతుంది. ఎక్కువ మోతాదులో, చాలాకాలం వాడినవారికి ఇంకా ఎక్కువ విరామం కావాల్సి రావచ్చు. తొందరపడితే సెరటోనిన్ సిండ్రోమ్ (ఒంట్లో సెరటోనిన్ ప్రభావం మితిమీరడం) ప్రమాదం: వణుకు, విపరీతమైన చెమట, జ్వరం, కండరాలు బిగుసుకోవడం, అయోమయం. ప్రాణం మీదికి రావచ్చు, ఇవి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఎంఏఓఐ నుంచి ఫ్లూఆక్సెటిన్‌కు మారేటప్పుడైతే 14 రోజులే. పాత పోస్టు చూసి తేదీ లెక్కేసుకున్నవాళ్లు, దయచేసి కొత్త మాత్ర వేసుకోకముందే మీ డాక్టర్‌తో మాట్లాడండి.