పక్షవాతం ట్రయల్స్ మీద ఆ ఫార్వర్డ్ ఇక ఆపండి

"పక్షవాతం వచ్చినవాళ్లను పునరావాస ట్రయల్స్‌కి పిలుస్తారు, పొరపాటున కూడా వెళ్లకండి" అనే మెసేజ్ మళ్లీ వచ్చింది. ట్రయల్స్ అంటే ఏ చికిత్స పనిచేస్తుందో రోగుల మీద పరీక్షించి చూసే అధ్యయనాలు. ఈసారి పంపింది బాగా చదువుకున్న స్నేహితుడే. అందులో ఐదు ఆరోపణలున్నాయి. రోగులను ఎలుకల్లా వాడుకుంటారు, సగం మందికి వైద్యం ఆపేస్తారు, ఆరు నెలలు దాటినవాళ్లు ఎలాగూ కోలుకోరు, మాట పడిపోయినవాళ్లచేత సంతకాలు పెట్టించుకుంటారు, చేరితే మధ్యలో వదలరు.

చివరిది పచ్చి అబద్ధం. కారణం చెప్పకుండా ఎప్పుడైనా మానేయొచ్చు, మామూలు వైద్యం ఆగదు. ఆ మాట సమ్మతి పత్రంలోనే ఉంటుంది.

ఎలుకల సంగతి. ప్రమాదమే ఉండదని నేను అనను. 2015లో వెలువడిన అవర్ట్ ట్రయల్‌లో 2,104 మంది పాల్గొన్నారు. మొదటి 24 గంటల్లోనే మంచం దింపి ఎక్కువసార్లు కదిలించినవాళ్లలో బాగా కోలుకున్నది 46 శాతం, మామూలు పద్ధతిలో 50 శాతం. ఎంత త్వరగా, ఎంత ఎక్కువగా లేపితే అంత మంచిదని చాలామంది నమ్మేవారు. ఆ 2,104 మంది ఒప్పుకోకపోతే ఆ నమ్మకంతోనే ఇంకెందరినో లేపుతూ ఉండేవాళ్లం.

సగం మందికి వైద్యం ఆపడమా? 2011లో లీప్స్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 408 మందిలో కొందరిని ట్రెడ్‌మిల్ మీద నడిపించారు, కొందరికి ఫిజియోథెరపిస్టులు ఇంటికెళ్లి వ్యాయామం చేయించారు. ఏడాది తిరిగేసరికి అన్ని గుంపులూ దాదాపు సమానంగా మెరుగయ్యాయి.

అదే ట్రయల్‌లో ట్రెడ్‌మిల్ శిక్షణను ఆరు నెలల తర్వాతే మొదలుపెట్టిన గుంపు కూడా ఉంది. వాళ్లూ ఏడాదికి మిగతావాళ్ల స్థాయిని అందుకున్నారు. మరి "ఆరు నెలలు దాటితే అంతే" అని రాసినవాళ్లకు ఆ గడువు ఎవరు చెప్పారు? మొదటి మూడు నెలల్లో కోలుకునే వేగం ఎక్కువ, నిజమే. వేగం తగ్గడం వేరు, ఆగిపోవడం వేరు. 2021లో వచ్చిన వేగస్ నరం ఉద్దీపన (మెడలోని నరానికి చిన్న విద్యుత్ ప్రేరణ ఇవ్వడం) ట్రయల్‌లోకి స్ట్రోక్ వచ్చి 9 నెలల నుంచి 10 ఏళ్లయినవాళ్లనే తీసుకున్నారు. మొత్తం 108 మంది. వ్యాయామంతో పాటు ఉద్దీపన అందినవాళ్లలో 47 శాతం మందికి చెయ్యి చెప్పుకోదగ్గంత మెరుగైంది. ఉత్తుత్తి ఉద్దీపనతో వ్యాయామం చేసినవాళ్లలో కూడా 24 శాతం మందికి మెరుగైంది! ఆ మెసేజ్‌లోని "ఆరు నెలలు దాటితే అంతే" అన్న ఒక్క మాట చదివి ఎన్ని ఇళ్లలో ఫిజియోథెరపీ మాన్పించేశారో తలుచుకుంటే ఒళ్లు మండుతోంది. ట్రయల్‌కి వెళ్లకపోతే పోనీ, చేతిని కదిలించడం మానేస్తే ఆ నష్టం ఎవరు తీరుస్తారు?

సంతకాల విషయంలో మాత్రం ఆ మెసేజ్‌లో కొంత న్యాయముంది. స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి భాష దెబ్బతింటుంది. వాళ్ల చేతికి పేజీలకు పేజీల పత్రం ఇవ్వడం తప్పే. ఆ బాధ పడలేక చాలా ట్రయల్స్ వాళ్లను అసలు చేర్చుకోవు, అది ఇంకా పెద్ద తప్పు. చిన్న వాక్యాలు, బొమ్మలు, తగినంత సమయం ఇస్తే వాళ్లలో చాలామంది అర్థం చేసుకుని తమ నిర్ణయం తామే చెప్పగలరు.

అసలే మనుషులు దొరకడం కష్టం. చేతి చికిత్స మీద జరిగిన ఎక్సైట్ ట్రయల్‌లో 222 మందిని చేర్చుకోవడానికి 3,600 మందికి పైగా పరిశీలించాల్సి వచ్చింది. మీ ఇంట్లో ఎవరినైనా పిలిస్తే సంతకానికి ముందు ఇవి అడగండి: ట్రయల్‌ను ముందే పరిశీలించే నీతి కమిటీ (ఎథిక్స్ కమిటీ) అనుమతి ఉందా, రెండో గుంపుకి ఏం చేస్తారు, రాకపోకల ఖర్చు ఎవరిది, హాని జరిగితే వైద్యం ఎవరు చేయిస్తారు, ట్రయల్ ముగిశాక ఆ చికిత్స కొనసాగుతుందా.