యుద్ధం గురించి చదవాలనుకుంటే జనరళ్లతో మొదలుపెట్టకండి

ప్రపంచ యుద్ధాల మీద మంచి పుస్తకాలు చెప్పమంటే చాలు, చర్చిల్, హిట్లర్ జీవిత చరిత్రలు, మ్యాపుల నిండా బాణం గుర్తులున్న లావుపాటి పుస్తకాలు చెబుతారు. అవి చదవొద్దని కాదు. కానీ వాటితోనే మొదలుపెట్టేవాళ్లకు చావు ఒక అంకెగా అలవాటైపోతుంది. ఇప్పుడు ఎక్కడ బాంబులు పడ్డా వాట్సాప్ గ్రూపుల్లో క్రికెట్ స్కోరులా చెప్పుకోవడం చూస్తుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

ముందు, మొదటి యుద్ధానికి, ఇంగ్లండ్ రచయిత్రి వేరా బ్రిటన్ తన కథ తానే రాసుకున్న 'టెస్టమెంట్ ఆఫ్ యూత్' చదవండి. ఆక్స్‌ఫర్డ్ చదువు మధ్యలో ఆపి నర్సుగా వెళ్లిన అమ్మాయి. ఫ్రాన్స్‌లో యుద్ధం చేస్తున్న కాబోయే భర్త రోలండ్ 1915 క్రిస్మస్‌కి సెలవు మీద వస్తాడని ఎదురుచూస్తోంది. ఫోన్ వచ్చింది, కానీ అతను 23నే చనిపోయాడని చెప్పడానికి. తర్వాత అతని బట్టలు ఇంటికి పంపారు. ఫ్రాన్స్ బురద, ఎండిన నెత్తురు, తూటాకి చిరిగిన కోటు, ఇల్లంతా ఆ వాసన. అవి కంటికి కనబడకుండా చేయమంది అతని తల్లి. 1917లో ఇదే అమ్మాయి గాయపడ్డ జర్మన్ ఖైదీలకు కట్లు కట్టింది. మరుసటి ఏడు తమ్ముడు ఎడ్వర్డ్ కూడా ఇటలీలో పోయాడు. పుస్తకం పెద్దది, మొదట్లో నెమ్మదిగా నడుస్తుంది. వదిలేయకండి.

రెండో యుద్ధానికి బెలారస్ రచయిత్రి స్వెత్లానా అలెక్సీవిచ్ 'ది అన్‌వుమన్లీ ఫేస్ ఆఫ్ వార్'. సోవియట్ సైన్యంలో పనిచేసిన ఆడవాళ్ల మాటలనే పుస్తకం చేసి 1985లో తెచ్చింది. అందులో ఒక భర్త, అలెక్సీవిచ్ మాట్లాడడానికి వస్తోందని తెలిసి రాత్రంతా భార్యకు యుద్ధ చరిత్ర చదివించాడు. నేను నేర్పినట్టే చెప్పు, కన్నీళ్లు పెట్టుకోకు అన్నాడు. కళ్లారా యుద్ధం చూసొచ్చిన మనిషికి పాఠం!

మొదటి యుద్ధంలో మన దేశం నుంచి దాదాపు 13 లక్షల మంది వెళ్లారు. ఫ్రాన్స్ నుంచి వాళ్లు రాయించిన ఉత్తరాలను చరిత్రకారుడు డేవిడ్ ఒమిస్సీ 'ఇండియన్ వాయిసెస్ ఆఫ్ ది గ్రేట్ వార్' అనే సంకలనంగా వేశారు. సెన్సార్‌వాళ్లు చదువుతారని తెలిసి ఒక సిపాయి మిరియాల గురించి రాస్తాడు. నల్ల మిరియాలంటే మనవాళ్లు, ఎర్రవంటే తెల్లవాళ్లు. నల్లవి అయిపోయాయి, ఇంకా తెప్పిస్తారు అంటాడు. ఇంటికి చేరవలసిన హెచ్చరిక అది.

మరి మన తెలుగువాళ్ల సంగతి? 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ ఏడే జపాన్ సైన్యం చొరబడ్డ బర్మా నుంచి మనవాళ్లు ఎందరో అడవులు, కొండలు దాటి నడిచొచ్చారు. వాళ్ల నోటితో చెప్పిన పుస్తకాలు నాకు కనబడినవి బహు తక్కువ. అప్పటి పిల్లలు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నారు. దయచేసి వాళ్లను తేదీలు అడగకండి. ఏ దారిన వచ్చారు, ఏం తిన్నారు, ఎవరిని దారిలో వదిలేయాల్సి వచ్చింది అని అడగండి. వాళ్ల మాట దిద్దకుండా రాయండి.