కత్తుల సీమలో చాకు కరువు

రాయలసీమ ప్రస్తుతం తీవ్రమైన ఆయుధ సంక్షోభంలో ఉంది. నమ్మకం లేకపోతే కర్నూలు బస్టాండులో పది మందిని నిలబెట్టి, ఈ మిక్చరు పొట్లం కాస్త కోసివ్వమని అడిగి చూడండి. తొమ్మిది మంది పళ్లకు పని చెబుతారు. పదో ఆయన బండి తాళంచెవి తీసి పొడుస్తాడు, సగం మిక్చరు నేలపాలవుతుంది. సినిమాల్లో చూస్తే మాత్రం మన జిల్లాల్లో ఉయ్యాల్లో పిల్లవాడి పక్కన కూడా వేటకొడవలి ఉంటుంది. ఊళ్లవాళ్లంతా మనల్ని చూసి జడుసుకుంటుంటే, చీనీకాయ కోసుకోవడానికి మన జేబులో మూడంగుళాల చాకు లేకపోవడం ఎంత నామోషీ! ఇన్నేళ్లు మోసిన చెడ్డపేరుకైనా కొంచెం న్యాయం చెయ్యాలి కదా.

కొనేవాళ్లు లేరని కాదు. ఉన్నారు. కడప ఏడు రోడ్ల దగ్గరో, అనంతపురం క్లాక్ టవర్ పక్కనో, ఉరుసులోనో తిరునాలలోనో నేల మీద పరిచిన పట్టా ముందు గొంతుక్కూర్చుని మరీ కొంటున్నారు. అయితే మనవాడు మొదట చూసేది, తెరిస్తే టక్కుమని చప్పుడొస్తుందా అని. తర్వాత నల్లరంగు. ఆ తర్వాత పిడి మీద పులి బొమ్మ. ఇక మిగిలింది లోహశాస్త్రం.

"స్టీలేందన్నా?"

"స్టీలంటే స్టీలే కదప్పా. ఫారిన్ సరుకు."

దాంతో పరిశోధన ముగిసింది, డబ్బులు చేతులు మారాయి.

అడవిలో తప్పిపోయినవాళ్ల కోసమని ఇంకో రకం దొరుకుతోంది. పిడి లోపల బోలు. మూత తిప్పితే అగ్గిపుల్లలు, గాలం, దారం. మూత మీద దిక్సూచి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక తప్ప ఏమీ కనిపించని పెన్నలో మనవాడు ఆ గాలం ఎక్కడ వేస్తాడో ఆ దిక్సూచికే తెలియాలి. అయితే అసలు లోపం పిడిలోనే ఉంది. గట్టి కత్తికి అలుగు, అంటే కోసే భాగం, తాలూకు ఉక్కు పిడి లోపలికి తోకలా చాలా దూరం సాగుతుంది. పిడే బోలైతే ఆ తోకకు చోటెక్కడిది? పొట్టి బోల్టుతో అలుగును పిడి మూతికి బిగించి పంపుతారు. కట్టె చీల్చబోతే సరిగ్గా అక్కడే విరుగుతుంది. పైగా అది మడిచేది కాదు గనుక జేబులో పట్టదు. నడుముకు కట్టుకుని తిరిగితే సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు కాఫీ తాగకుండానే లేస్తారు.

ఉక్కు సంగతికి వద్దాం. అలుగు మీద 'స్టెయిన్‌లెస్' అని మాత్రమే ఉంటే, ఉక్కు పేరు చెప్పుకోవడం తయారుచేసినవాడికి ఇష్టం లేదని అర్థం. 'సర్జికల్ స్టీలు' అని ఉంటే సిగ్గు ఇంకొంచెం ఎక్కువని. '440' అని అంకె మాత్రమే వేసి వదిలేస్తే వెనకున్న అక్షరం అడగండి. 440ఎ లో కార్బన్ 0.60 నుంచి 0.75 శాతం, 440సి లో 0.95 నుంచి 1.20 శాతం. ఉక్కుకు గట్టిదనం తెచ్చేది కార్బన్, తుప్పును ఆపేది క్రోమియం. ఇక అలలు అలలుగా గీతలున్న చవక 'డమాస్కస్' కత్తులంటారా, చాలావాటిలో ఆ అలలు పైపైన అచ్చువేసినవే. గట్టిగా రుద్దితే తీరం చేరుకుంటాయి.

గట్టిదనాన్ని రాక్‌వెల్ సి అనే కొలతలో చెబుతారు. 52 దగ్గర ఉంటే వాదర, అంటే పదునంచు, త్వరగా మడతపడుతుంది; నాలుగు అట్టపెట్టెలు కోసేసరికి మొద్దు. 60 దాటితే పదును చాలాకాలం నిలుస్తుంది కానీ పోయినప్పుడు ఇంటి రాయికి ఓ పట్టాన లొంగదు, మెలిపెడితే వాదర మొక్కపోతుంది. రోజూ వాడే చాకుకు 55 నుంచి 58 చాలు. విక్టోరినాక్స్ వాళ్ల ఎర్రపిడి స్విస్ కత్తి 1897 నాటి నమూనా, ఇప్పుడు లోకమంతా తిరుగుతోంది, దాని అలుగు గట్టిదనం 55, 56 దగ్గరే. అంత కత్తికి 56 సరిపోతే, తాడిపత్రిలో ఎర్రగడ్డ కోసుకోవడానికి 62కి ఒక్క పాయింటు తగ్గినా ఒప్పుకోననే మేధావి మన మధ్య ఉన్నాడు. ఆయనకు డి2 అనే రకం ఉక్కు అంటగడతారు. అందులో కార్బన్ 1.5 శాతం, క్రోమియం 12 శాతం అటూఇటూ. క్రోమియం అంత ఉన్నా అది పూర్తి స్టెయిన్‌లెస్ కాదు, ఎందుకంటే చాలా భాగం కార్బన్‌తో కలిసి గట్టి గింజలుగా బిగుసుకుపోతుంది, తుప్పును ఆపడానికి విడిగా మిగిలేది తక్కువ. మే నెలలో చెమట పట్టిన జేబులో వారం ఉంచి చూస్తే గోధుమరంగు చుక్కలు వాటంతటవే ఈ పాఠం చెబుతాయి. 12సి27 అనే స్వీడన్ ఉక్కులో కార్బన్ 0.6 శాతమే, క్రోమియం 13.5. చీనీ రసానికి జంకదు, మామూలు రాయి మీద పది నిమిషాల్లో పదునెక్కుతుంది. కానీ దాన్ని చూపించి బావమరిదిని బెదిరించలేం.

ఆ ఉక్కుతోనే వచ్చే ఫ్రాన్సు చాకు ఒపినెల్. 1890 నాటి నమూనా, బీచ్ చెక్క పిడి, అలుగు కదలకుండా పట్టే తిరుగుడు రింగు 1955లో చేర్చారు. 8వ నంబరుకు అలుగు 8.5 సెంటీమీటర్లు. దాని మీదున్న పెద్ద ఫిర్యాదు, తడిసినప్పుడు చెక్క ఉబ్బి అలుగు బయటికి రాదని. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కోసం ఆకాశం వైపు చూసే అనంతపురం జిల్లాకు ఈ ఫిర్యాదు వర్తించదు. కరువు వల్ల కలిగిన ఒకే ఒక్క లాభంగా దీన్ని నమోదు చేసుకోవచ్చు.

పొడవు కంటే మందం ముఖ్యమంటే మనవాళ్లకు నచ్చదు. అయినా 4 మిల్లీమీటర్ల మందం ఉన్న అలుగుతో ఒక చీనీకాయ కోసి చూడండి. తొక్కలోకి బాగానే దిగుతుంది. సగం దాకా పోయాక కోయడం మానేసి గొడ్డలి పని మొదలుపెడుతుంది. కాయ రెండుగా విచ్చుకుంటుంది, తొనలు నలుగుతాయి, రసం మణికట్టు మీదుగా మోచేతికి కారి చొక్కాలోకి పోతుంది. వెన్ను దగ్గర 2 నుంచి 2.5 మిల్లీమీటర్లుండి వాదర వైపు సన్నబడే అలుగు చప్పుడు చేయకుండా అవతలికి దాటుతుంది, తొన తొనగానే ఉంటుంది. డ్రిప్పు వేసుకున్న రైతు 16 ఎంఎం లేటరల్ పైపు కోసేటప్పుడూ ఇదే తేడా. లావు అలుగుతో నొక్కితే పైపు చప్పిడై వంకరగా తెగుతుంది, జాయినరు సరిగా కూర్చోదు, నీళ్లు కారతాయి, నింద మాత్రం జాయినరు మీద పడుతుంది.

అంగడిలో చెయ్యాల్సిన పరీక్షకు రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలూ అంగడాయన మొహం వైపు చూడకండి. అలుగు తెరిచి మొన దగ్గర పట్టుకుని పక్కలకు ఊపండి. ఇరుసు దగ్గర లొడలొడలాడితే కింద పెట్టేయండి. రివిట్టు కొట్టిన చాకైతే అది ఇంకా వదులవుతుందే తప్ప బిగియదు; స్క్రూ ఉన్నదైతే బిగించుకునే వీలుంది, ఊడిపోయే వీలు కూడా. తర్వాత మూసి వెలుతురుకు ఎత్తి చూడండి. అలుగు పిడికి సరిగ్గా మధ్యలో ఉండాలి. ఒక పక్కకు ఒరిగితే వాదర లోపలి రేకుకు రాసుకుని, మీరు ఏమీ కోయకుండానే మొద్దుబారుతుంది. స్ప్రింగు పట్టీ ఉన్న చాకుల్లో ఇంకో దొంగ జబ్బుంది. టప్పుమని మూసినప్పుడు వాదర మధ్యభాగం వెళ్లి ఆ పట్టీకి కొట్టుకుంటుంది. మూసిన అలుగును వేలితో ఇంకొంచెం లోపలికి నొక్కి, వదిలి, తెరిచి చూస్తే వాదర మీద ఒకే చోట మెరుపు చుక్క కనబడుతుంది. కనబడిందా, ఆ టప్పుమనే చప్పుడు మీద మోజు వదులుకుని వేలితో మెల్లగా మూయడం అలవాటు చేసుకోవాలి, లేదా ఇంకోటి చూసుకోవాలి.

లాకుందా లేదా అన్నది పెద్ద చర్చ. లాకు లేని చాకుతో తనవైపు లాగి కోస్తే ఏమీ కాదు. మొనతో ముందుకు పొడిస్తే మడుచుకుని వేళ్ల మీద పడుతుంది. లోపలి రేకు పక్కకు జరిగి అలుగు కింద నిలబడే లైనర్ లాకు దీనికి విరుగుడే. కాకపోతే దాన్ని కనిపెట్టినవాళ్లు సీమ జేబును చూసి ఉండరు. అందులో చిల్లర, బీడీకట్ట, బుడ్డల పొట్టు ఉంటాయి. పొట్టు వెళ్లి రేకు పూర్తిగా జరగకుండా అడ్డం పడుతుంది, లాకు పడినట్టే కనిపిస్తుంది, వెన్ను మీద చిన్న దెబ్బ తగలగానే వదిలేస్తుంది. వారానికోసారి పాత బ్రష్షుతో దులిపి, ఇరుసులో ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తే చాలు. ఇంట్లో ఉంది కదా అని శెనక్కాయ నూనె పోయకండి. కొన్నాళ్లకు జిగురై దుమ్మునంతా పోగేసుకుంటుంది, ఆ తర్వాత అలుగు తెరవడానికి ఇద్దరు కావాలి.

ఇప్పుడు సాన. మన దగ్గర సాన పట్టడమంటే గడప ముందున్న కడప బండ మీద కస్సుకస్సుమని నాలుగు గీతలు గీయడం. చప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది, పక్కింటివాళ్లు తలుపులేసుకుంటారు. కానీ ఆ బండ సున్నపురాయి. ఖనిజాల గట్టిదనం చెప్పే పదంకెల మోస్ కొలతలో దాని ముఖ్య ఖనిజం కాల్సైట్ 3 దగ్గర ఆగిపోతుంది. గట్టిపరిచిన ఉక్కు 6కు అటూఇటూ. అంటే మీరు కత్తితో బండను నూరుతున్నారు. కావాల్సింది హార్డ్‌వేర్ అంగట్లో దొరికే, ఒకవైపు గరుకు, ఇంకోవైపు నునుపు ఉన్న కార్బొరండం రాయి. నీళ్లు చల్లి అలుగును నిలువుగా పెట్టండి, అది 90 డిగ్రీలు. సగానికి వంచండి, ఆ సగంలో మళ్లీ సగం. 20కి దగ్గరగా వచ్చారు. వాదర పొడవునా మార్కర్ పెన్నుతో గీత పూసి రెండుసార్లు రుద్దితే కోణం సరిపోయిందో లేదో తెలుస్తుంది. రంగు వెన్ను వైపే చెరిగితే మరీ పడుకోబెట్టారు, వాదర అంచునే చెరిగితే మరీ లేపారు. ఒకే వైపు రుద్దుతూ పోవాలి, అవతలి వైపు మొదలు నుంచి మొనదాకా గోటికి సన్నని గరుకు తగిలేవరకు. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. అటు నాలుగు ఇటు నాలుగు అని లెక్కపెట్టి లేస్తారు, గరుకు లేవనే లేవదు. అది లేచాకే రెండో వైపు తిప్పాలి, ఆ తర్వాత నునుపు వైపు బరువు తగ్గించుకుంటూ మార్చి మార్చి పది సార్లు, చివర్లో పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగడం. న్యూస్‌పేపర్ అంచును చింపకుండా కోసిందంటే పని అయిపోయినట్టే. వీధిలోకి వచ్చే సాన సైకిలుకు పలచని చాకు ఇస్తే నిప్పురవ్వలు దీపావళిలా ఉంటాయి. ఆ వేడికి వాదర నీలిరంగు తిరిగిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిపోయినట్టు. మళ్లీ ఎంత నూరినా నిలవదు.

చట్టం మాట కూడా చూద్దాం, సీమవాడికి చట్టం మీదున్న గౌరవం జగమెరిగినదే. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన నియమాలు కత్తుల విషయంలో గీసిన గీత 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు. వంటకు, వ్యవసాయానికి చేసినవాటిని పక్కనబెట్టారు. మూడంగుళాల చాకు ఆ గీతకు ఆమడ దూరం. అలాగని కోర్టు గుమ్మంలోకో, ఎన్నికల సభలోకో, పరీక్ష హాల్లోకో పట్టుకుపోయి స్కేలు తీసి వాదించొద్దు. ఓర్వకల్లులో విమానం ఎక్కేటప్పుడు చేతిసంచిలో ఉంటే అక్కడే వదులుకోవాలి, ముందే పెద్దపెట్టెలో వేసి పంపాలి.

ఇన్ని జాగ్రత్తలతో కొన్న చాకు ఆరునెలల్లో ఎలా చస్తుందో చూస్తే, కోయడం వల్ల మాత్రం కాదు. స్టార్టరు పెట్టె స్క్రూ తిప్పడం, పెయింటు డబ్బా మూత లేపడం, బ్యాటరీ బోల్టు గీకడం. మొన పలచన, అడ్డంగా మెలిపెడితే రెండు మిల్లీమీటర్లు ఎగిరిపోతుంది. ఈ పనులేవీ చాకు సొంతదారు చెయ్యడు. "ఒక్క నిమిషం ఇయ్యప్పా" అని తీసుకున్నవాడు చేస్తాడు. అందుకని రెండో జేబులో ఒక టెస్టరు పెట్టుకోండి. అడిగినవాడికి అది ఇచ్చి, నా దగ్గర కత్తి లేదప్పా అనండి. కడప జిల్లావాడు ఆ మాటంటే నమ్మేవాడెవడన్నది వేరే సంగతి.